గేటు దగ్గర మాట, గదిలో మాట: ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌పై వైఫై కాలింగ్, 11 నెలల వాడకం తర్వాత

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇల్లు 1986లో కట్టినది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు, కిటికీలకు దట్టమైన ఇనుప ఊచలు ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు గత పదేళ్లలో అటూ ఇటూ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచి, మా కింది వాటాను దాదాపు నూతిలోకి దించేశాయి. వీధిలో నిలబడితే ఫోనులో నాలుగు గీతల సిగ్నల్ కనిపిస్తుంది. నడిమి గదిలోకి వస్తే ఒక గీత మిగులుతుంది, అదీ ఉండీ లేనట్టే. 76 ఏళ్ల మా అమ్మ ఫోను మోగగానే చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి నడవడం అలవాటు చేసుకుంది. తణుకులో ఉన్న మా పిన్నితో రోజూ రాత్రి ఏడున్నరకు అరగంట మాట్లాడనిదే ఆమెకు అన్నం సయించదు కనుక, వానైనా చలైనా ఆ అరగంట గేటుకు ఆనుకునే గడిచేది.

ఒక వానాకాలం రాత్రి అలా తడిసి ఆమె జ్వరం తెచ్చుకున్నాక, ఇంట్లో కూర్చునే స్పష్టంగా మాట్లాడే ఏర్పాటు చేయాలని నిశ్చయించుకున్నాను. మొబైల్ కంపెనీ వారికి ఫోను చేస్తే, "ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంది కదండీ, వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి, సమస్య తీరిపోతుంది" అన్నారు. ఈ సమీక్ష ఆ ఒక్క వాక్యం గురించే. అందులో మొదటి సగం మంచి సలహా. రెండో సగం నిజం కావడానికి నాకు దాదాపు మూడు నెలల కాలమూ, 6,500 రూపాయల పైచిలుకు ఖర్చూ పట్టాయి.

వైఫై కాలింగ్ అంటే వాట్సాప్ కాల్ అనుకునేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు కనుక ముందుగా ఆ తేడా చెప్పాలి. ఇందులో వేరే యాప్ ఏదీ ఉండదు. మన నంబరు మనదే, అవతలివారి దగ్గర ఉన్నది బటన్ల ఫోనైనా ల్యాండ్‌లైనైనా ఫరవాలేదు, కాల్ మన ప్లాన్‌లోని మామూలు కాల్‌గానే లెక్కకు వస్తుంది. ఫోను టవర్‌తో మాట్లాడటానికి బదులు ఇంటి వైఫై మీదుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లి, అక్కడ మొబైల్ కంపెనీ నడిపే ఒక ద్వారం దాకా గట్టి తాళం వేసిన సొరంగం లాంటి దారిని ఏర్పరచుకుంటుంది. మన మాట ఆ సొరంగంలో నుంచి వెళ్లి మామూలు టెలిఫోన్ వ్యవస్థలో కలుస్తుంది. అమెరికాలో టీ-మొబైల్ ఇటువంటి సేవను 2007లోనే దేశమంతటా అమ్మింది. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతంతో మొదలుపెట్టగా, జియో 2020 జనవరిలో దేశమంతటికీ విడుదల చేసింది, వొడాఫోన్ ఐడియా ఆ ఏడాది చివర్లో వచ్చి చేరింది. బ్రాడ్‌బ్యాండ్ ఏ కంపెనీదైనా సరే, సిమ్ మరో కంపెనీదైనా సరే, ఇప్పుడు ఇది పనిచేస్తుంది.

పెట్టుకోవడం నిమిషం పని. ఐఫోనులో సెట్టింగ్స్‌లోని మొబైల్ డేటా భాగంలో, ఆండ్రాయిడ్‌లో సిమ్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ మీట ఉంటుంది. కొన్ని ఫోన్లలో దాని కిందే వైఫైకి ప్రాధాన్యమివ్వాలా, మొబైల్ నెట్‌వర్క్‌కు ఇవ్వాలా అనే ఎంపిక కూడా ఉంటుంది. మా ఇంటి వంటి ఇళ్లలో వైఫైకే ఇవ్వాలి, లేదంటే ఆ ఉన్న ఒక్క గీతనే పట్టుకుని ఫోను వేలాడుతుంది. మీట నొక్కిన రోజు రాత్రి అమ్మ నడిమి గదిలో మంచం మీద కూర్చుని పిన్నితో మాట్లాడింది. గొంతు ఎంత తేటగా ఉందంటే, పిన్ని పక్క గదిలో నుంచి పలుకుతున్నట్టే అనిపించింది.

ఆ తేటదనానికి కారణం ఉంది. పాతకాలపు టెలిఫోన్ కాల్ 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ వరకు ఉన్న ధ్వనినే మోసుకెళ్లేది. ఇప్పటి కాల్‌లు వాడే హెచ్‌డీ వాయిస్ అనే పద్ధతి 50 నుంచి 7,000 హెర్ట్‌జ్ దాకా మోస్తుంది. మన శ, ష, స, ఫ అక్షరాల్లోని ఊదుడు ధ్వని చాలావరకు ఆ పై భాగంలోనే ఉంటుంది. పాత ఫోనులో పేరు చెప్పేటప్పుడు "స, సరస్వతిలో స" అని విడమరచాల్సి వచ్చేది అందుకే. వినికిడి కాస్త తగ్గిన పెద్దవారికి ఈ తేడా మనకంటే ఎక్కువగా తెలుస్తుంది.

ఆ సంతోషం నాలుగు రోజులు నిలిచింది. అయిదో రోజు రాత్రి పిన్ని, "అక్కా, నీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోందే, సగం అక్షరాలు మింగేస్తున్నావు" అంది. అమ్మకు మాత్రం పిన్ని మాట శుభ్రంగానే వినిపిస్తోంది. మర్నాడు పొద్దున మళ్లీ అంతా బాగుంది, రాత్రి మళ్లీ అదే తంతు. ఎక్కువసేపు మాట్లాడితే గొంతు రేకు డబ్బాలో నుంచి వచ్చినట్టు మారి, ఒక్కోసారి రెండు మూడు సెకన్లు పూర్తిగా ఆగిపోయి, తర్వాత అన్ని మాటలూ కలగాపులగంగా వచ్చి పడేవి. వారం తిరిగేసరికి అమ్మ మళ్లీ చెప్పులు వేసుకుంది.

బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే వారికి ఫిర్యాదు చేశాను. వారి పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే తర్వాత మిత్రులను అడిగితే ఏ కంపెనీవారైనా ఇదే జవాబు చెప్పారని తెలిసింది. లైన్‌మన్ వచ్చి, పసుపురంగు ఫైబర్ తీగను వారు బిగించిన బ్రాడ్‌బ్యాండ్ పెట్టెలో నుంచి ఊడదీసి, అందులో వచ్చే వెలుగు బలాన్ని కొలిచే తన మీటరుకు తగిలించి, "పవర్ మైనస్ 19 ఉంది సార్, బ్రహ్మాండం, మైనస్ 27 దాకా దిగితేనే మనకు ఇబ్బంది" అన్నాడు. ఆ మాట నిజమే. తర్వాత తన ఫోనులో స్పీడ్ టెస్ట్ తిప్పి 40 ఎంబీపీఎస్ చూపించి, "స్పీడ్ ఫుల్లుగా వస్తోంది సార్, కాల్స్ బాగా రావాలంటే 100 ప్లాన్‌కు మారండి" అన్నాడు. నెలకు 250 రూపాయలు అదనంగా కట్టి మూడు నెలలకు మారాను. సినిమాలు వేగంగా దిగాయి. పిన్నికి అమ్మ మాట మాత్రం అంతకుముందు ఎలా తెగిందో అలాగే తెగింది.

ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఇదే: కాల్ నాణ్యత కోసం పెద్ద ప్లాన్ కొనకండి. ఫోను మన మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి సెకనుకు 50 చిన్న పొట్లాలుగా పంపుతుంది. హెచ్‌డీ వాయిస్‌లో మాట సాధారణంగా 24 కేబీపీఎస్‌కు (ఎంబీపీఎస్‌లో వెయ్యో వంతు కేబీపీఎస్) మించదు. పైన చుట్టే సొరంగపు చిరునామాలూ తాళాలూ అన్నీ కలుపుకున్నా ఒక్కో వైపుకు 100 కేబీపీఎస్ లోపే సరిపోతుంది. అంటే 40 ఎంబీపీఎస్ లైనులో నాలుగు వందలో వంతు. మాటకు కావలసింది వెడల్పైన దారి కాదు, ప్రతి పొట్లమూ వేళకు చేరడం. అవతలి ఫోను కొన్ని పదుల మిల్లీసెకన్ల పాటు మాత్రమే ఎదురుచూస్తుంది, ఆ తర్వాత వచ్చిన పొట్లాన్ని పారేస్తుంది. పారేసిన చోటల్లా ఒక అక్షరం పోతుంది. మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే చాలావరకు ఇబ్బంది ఉండదనీ, 400 దాటితే అంగీకరించదగినది కాదనీ అంతర్జాతీయ టెలికాం సమాఖ్య ప్రమాణం చెబుతుంది. స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె ఈ సంగతిని అసలు కొలవదు.

కనుక నేనే కొలిచాను. పింగ్ అంటే ఒక చిన్న పలకరింపు పంపి, జవాబు రావడానికి పట్టిన కాలం చూసుకోవడం. లాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా పెట్టెకు కలిపి బయటి సర్వరు ఒకదాన్ని పలకరిస్తే పగటిపూట 9 మిల్లీసెకన్లు వచ్చింది. రాత్రి ఏడు దాటాక, మా అమ్మాయి కాలేజీ నుంచి, నేను ఆఫీసు నుంచి వచ్చి మా ఫోన్లు వైఫై అందుకుని ఆ రోజు తీసిన ఫొటోలనూ వీడియోలనూ పైకి ఎక్కించడం మొదలుపెట్టిన వేళ అదే పలకరింపుకు 480 మిల్లీసెకన్లు పట్టింది. వీధి గుమ్మం పైనున్న సీసీ కెమెరా సరేసరి, అది రోజంతా ఎక్కిస్తూనే ఉంటుంది. అప్పుడు గుర్తుకొచ్చింది, అమ్మకు పిన్ని మాట బాగానే వినిపించేది, చెడిపోయినదల్లా ఇక్కడి నుంచి వెళ్లే మాటే. నా బిల్లు తీసి చూస్తే 40 ప్లాన్‌లోనూ 100 ప్లాన్‌లోనూ దిగే వేగమే మారింది, ఎక్కే వేగం రెండింటిలోనూ 20 ఎంబీపీఎస్సే. నేను అదనంగా డబ్బు కట్టినది జబ్బు లేని వైపుకు.

20 ఎంబీపీఎస్ మాత్రం తక్కువా అంటే, కాదు. ఇబ్బంది అంతా బ్రాడ్‌బ్యాండ్ వారిచ్చిన పెట్టెలో ఉంది. లైను పట్టుకోగలిగినదాని కంటే ఎక్కువ సరుకు వచ్చినప్పుడు ఆ పెట్టె దేన్నీ వదలకుండా అంతటినీ ఒకే వరుసలో నిలబెడుతుంది. బెంజి సర్కిల్ దగ్గర లారీల వరుస వెనక ఇరుక్కున్న స్కూటరు ఎంత చిన్నదైనా లారీలతో పాటే కదలాలి కదా, మాట పొట్లం గతీ అంతే. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెట్టిస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో తన ఇంటి లైనులోనే దీన్ని పట్టుకుని లోకానికి చెప్పారు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వ్యాన్ జేకబ్సన్ కలిసి వరుసను పొట్టిగా ఉంచే పద్ధతిని ప్రకటించారు. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతి 2018లో ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో చేరింది. ఇదంతా జరిగి ఇన్నేళ్లయినా మన ఇళ్లకు ఉచితంగా బిగించి పోయే పెట్టెల్లో ఆ ఊసే కనిపించదు.

నేను 3,400 రూపాయలు పెట్టి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగిన రౌటరు ఒకటి కొన్నాను. కొనే ముందు ఆ సాఫ్ట్‌వేర్ వారి జాబితాలో మోడలే కాదు, దాని అడుగున రాసి ఉండే వెర్షన్ సంఖ్య కూడా సరిపోల్చుకోవాలి. ఒకే పేరు మీద లోపలి చిప్ మార్చి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. అందులో వరుసను అదుపు చేసే ఎస్‌క్యూఎం అనే భాగాన్ని పెట్టుకుని, వరుస పద్ధతిగా కేక్ అనేదాన్ని ఎంచుకుని, ఎక్కే వేగం 18, దిగే వేగం 90 ఎంబీపీఎస్ అని రాశాను. అసలు వేగం కంటే ఇలా పదో వంతు తగ్గించి రాయడంలోనే కిటుకు ఉంది. అప్పుడు వరుస బ్రాడ్‌బ్యాండ్ వారి మొద్దు పెట్టెలో కాక, తెలివైన మన రౌటరులో నిలబడుతుంది. ఈ రౌటరు లారీల మధ్య నుంచి స్కూటర్‌ను ముందుకు పంపుతుంది. ఏది స్కూటరో మనం చెప్పనవసరం లేదు, పలచగా పారే ధారను అదే గుర్తిస్తుంది. ఆ రాత్రి ఫొటోలు ఎక్కుతూ ఉండగానే పింగ్ 14 మిల్లీసెకన్లు చూపింది. 480 నుంచి 14. నమ్మకం కుదరక మూడుసార్లు కొలిచాను.

చాలా రౌటర్ల అట్టపెట్టెల మీద క్యూఓఎస్ (ముఖ్యమైన సరుకును ముందు పంపే ఏర్పాటు) అనీ, వాయిస్‌కు ప్రాధాన్యమనీ అచ్చు వేసి ఉంటుంది. అది చూసి మోసపోకండి. వైఫై కాల్ తాళం వేసిన సొరంగంలో వెళుతుంది కనుక లోపల ఉన్నది మాటో పాటో రౌటరుకు తెలిసే వీలు లేదు. మాటను వెతికి ముందుకు పంపుతామనే సాదా ఏర్పాట్లు ఇక్కడ గుడ్డివే.

లైను కుదిరింది గానీ అమ్మ గదిలో మాట ఇంకా అప్పుడప్పుడు తడబడుతూనే ఉంది. ఇది రెండో జబ్బు, మొదటిదానితో సంబంధం లేనిది. లాప్‌టాప్‌ను అమ్మ మంచం మీద పెట్టి, ఈసారి బయటి సర్వరును కాక మా రౌటరునే వైఫై మీద పలకరించాను. రెండు మిల్లీసెకన్లలో రావలసిన జవాబు ఒక్కోసారి 180 దాకా పోయింది, నూటికి మూడు నాలుగు పలకరింపులకు జవాబే లేదు. అంటే గడబిడ గాలిలోనే ఉంది. ఎవరింట్లో కాల్ తెగినా మొదట చేయవలసిన పరీక్ష ఇదే. రౌటరు దాకా ఉన్న దారి చెడిందా, రౌటరు తర్వాతి దారి చెడిందా అన్నది తేలకుండా ఖర్చు పెడితే, నేను 100 ప్లాన్‌కు కట్టినట్టే కట్టాలి.

పెట్టెను బిగించిన రోజున తీగ ఎక్కడి దాకా వచ్చిందో అక్కడే, వీధి గదిలో టీవీ వెనక, కింది అరలో పెట్టి పోయారు. అక్కడి నుంచి అమ్మ మంచానికి మధ్యలో రెండు తొమ్మిదంగుళాల గోడలూ, మా నాన్నగారి కాలం నాటి ఇనుప బీరువా ఒకటీ ఉన్నాయి. రౌటరు రెండు రకాల తరంగాల మీద వైఫై ఇస్తుంది. వాటిలో 5 గిగాహెర్ట్‌జ్ వైఫై మొదటి గోడ దాటేసరికే నీరసించింది. గోడలు దాటగల 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానితో ఒకటి తగలని చానళ్లు మూడే, 1, 6, 11. మా మంచం దగ్గర నిలబడి చూస్తే అపార్ట్‌మెంట్ల నుంచి 23 వైఫైలు కనిపించాయి, అవన్నీ ఈ మూడింట్లోనే కిక్కిరిసి ఉన్నాయి. సంతలో గట్టిగా అరిచినంత మాత్రాన మాట వినపడదు.

చాలామంది ఇక్కడ ఎక్స్‌టెండర్ కొంటారు. ప్లగ్గులో గుచ్చే ఆ చిన్న పెట్టె ఎదురింటి శేషగిరి గారి దగ్గర ఉంటే తెచ్చి ప్రయత్నించాను. గీతలు పెరిగాయి, మాట మాత్రం బాగుపడలేదు. అది విన్న ప్రతి పొట్లాన్నీ అదే గాలిలో మళ్లీ పలుకుతుంది కాబట్టి రద్దీ రెట్టింపవుతుంది. నేను ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, అటక అంచు వెంట నెట్‌వర్క్ కేబుల్ లాగించి, నడిమి గది గుమ్మం మీద పాత రౌటరు ఒకదాన్ని కేవలం వైఫై ఇచ్చే పెట్టెగా బిగించాను. కేబులూ కూలీ కలిపి 900 రూపాయలు. ఇప్పుడు మంచం దగ్గర 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్ మైనస్ 55 డీబీఎం దగ్గర ఉంటోంది (ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). మాటకు మైనస్ 67 కంటే బలహీనపడకూడదన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. మొత్తం ఖర్చులో నాకు సార్థకమనిపించిన మొదటి వస్తువు ఆ కేబులే, రౌటరు దాని తర్వాతే.

మూడో చిక్కు చిన్నదే గానీ విసిగించింది. ఫోను కాసేపు కదలకుండా ఉంటే బయటి నుంచి వచ్చే కాల్‌లు మోగేవి కావు, అవతలివారికి "స్విచాఫ్" అని వినిపించేది. వైఫై కాలింగ్ సొరంగం యూడీపీ 500, 4500 అనే రెండు ద్వారాల (నెట్‌వర్క్ పోర్టుల) మీద నిలబడుతుంది. బ్రాడ్‌బ్యాండ్ వారి పెట్టె వెనక నా రౌటరు చేరడంతో చిరునామా రెండుసార్లు మారుతోంది. ఆ మొదటి పెట్టెలో ఫైర్‌వాల్ అనే కాపలా గట్టి స్థాయిలో ఉండి, కాసేపు మౌనంగా ఉన్న సొరంగాన్ని మరచిపోతోంది. పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే తాను ఏమీ చేయకుండా సరుకును నేరుగా నా రౌటరుకు అందించేలా, పెట్టమని అడిగితే లైన్‌మన్ బుర్ర గోక్కుని, "పెడతాను గానీ సార్, రేపు ఏదైనా కంప్లైంట్ వస్తే మాకు సంబంధం లేదు" అన్నాడు. "మీ లైను ఆగిపోతే పిలుస్తాను బాబూ, నా రౌటరు ఆగితే పిలవను" అని మాట ఇచ్చాను. యూజర్‌నేమూ పాస్‌వర్డూ రాసిచ్చి పది నిమిషాల్లో పని ముగించాడు, టీ తాగి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఫోను మోగకపోవడమన్నది లేదు. మీ దగ్గర వేరే రౌటరు లేకపోతే, ఉన్న పెట్టెలోనే ఇటువంటి సొరంగాలను దాటనిచ్చే ఐపీసెక్ పాస్‌త్రూ అనే మీట ఆన్‌లో ఉందో లేదో చూసి, ఫైర్‌వాల్ స్థాయి ఒక మెట్టు దించితే చాలావరకు సరిపోతుంది.

కరెంటు సంగతి మరవకూడదు. కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే ఆ ఒక్క గీతే దిక్కు. ఇంటికి ఇన్వర్టరు ఉన్నా అది మారే క్షణంలో మా పెట్టె ఆరి వెలిగేది, మళ్లీ నిలదొక్కుకోవడానికి మూడు నిమిషాలు పట్టేది. 1,500 రూపాయల చిన్న యూపీఎస్ ఒకటి ఫైబర్ పెట్టెకూ రౌటరుకూ కలిపి తగిలించాను. కొనేటప్పుడు అడాప్టరు మీద 12 వోల్టులే ఉన్నాయా, ఎన్ని ఆంపియర్లు అన్నది చూసుకోవాలి.

మొబైల్ సిగ్నల్ బూస్టరు పెట్టుకోమని సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారు. ఆన్‌లైన్‌లో అవి దొరుకుతాయి. అనుమతి లేకుండా అటువంటి రిపీటర్లను బిగించడం మన దేశంలో చట్టవిరుద్ధం. అవి మన ఇంట్లో గీతలు పెంచి వీధిలో అందరి కాల్‌లనూ చెడగొడతాయి. ఆ దారిన పోవద్దు.

ఇక దేనికెంత విలువ ఇస్తానో చెబుతాను. వైఫై కాలింగ్ అనే సేవకు అయిదుకు నాలుగు. అదనపు రుసుము లేదు, గొంతు తేటగా ఉంటుంది, అవతలివారు ఏమీ మార్చుకోనక్కరలేదు. ఒక మార్కు ఎందుకు తగ్గించానో చివర్లో చెబుతాను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకీ దానిలోని ఎస్‌క్యూఎంకూ నాలుగున్నర. అది చేసే పనికి వంక పెట్టలేను గానీ, పెట్టుకోవడానికి ఒక ఆదివారం పూర్తిగా పోతుంది, కంప్యూటరంటే చేయి వణికేవారికి ఎవరో ఒకరు తోడుండాలి. బ్రాడ్‌బ్యాండ్ వారి లైనుకు నాలుగు, వారు ఉచితంగా ఇచ్చిన పెట్టెకు ఒకటి, వారి సలహాకు సున్నా. మొబైల్ కంపెనీ కాల్ సెంటర్ మూడుసార్లు ఫోను రీస్టార్ట్ చేయమని చెప్పి మూడుసార్లూ ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం పంపింది. అటువంటప్పుడు ఫిర్యాదు సంఖ్య దాచుకుని అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనలు ప్రతి కంపెనీ ఆ వ్యవస్థను నడపాలని చెబుతున్నాయి. నేను రాయలేదు. అప్పటికే నా రౌటరు పని చేస్తోంది.

అందరికీ ఇంత అవసరం లేదు. ఇంట్లో ఇద్దరే ఉండి, కెమెరాలూ ఫొటోల ఎక్కింపులూ లేకపోతే కేబుల్ లాగించి వైఫై సరిచేసుకుంటే చాలు. ఫోను పాతదైతే ముందు అందులో ఆ మీట ఉందో లేదో చూడాలి. అమ్మ పాత ఫోనులో లేదు, నాది ఇవ్వాల్సి వచ్చింది. ఎస్‌క్యూఎం అక్కరలేదనుకునేవారు కనీసం ఫొటోల బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చుకుంటే సగం జబ్బు ఖర్చు లేకుండానే పోతుంది.

తగ్గించిన మార్కు సంగతి: కాల్ నడుస్తుండగా వైఫై నుంచి టవర్‌కు మారే ఘట్టంలో ఈ సేవ ఇంకా తడబడుతుంది. టవర్ సిగ్నల్ గట్టిగా ఉన్నచోట మార్పు తెలియకుండా జరిగిపోతుంది. వైఫై పలచబడి, టవర్ ఇంకా అందని నాలుగడుగుల మేరలో మాత్రం కాల్ తెగుతుంది. మా ఇంట్లో ఆ నాలుగడుగులు సరిగ్గా వసారాకూ గేటుకూ మధ్యన ఉన్నాయి. మొదటి నెలంతా అమ్మ పిన్నితో మాట్లాడుతూ మాట్లాడుతూ అలవాటు కొద్దీ చెప్పులు వేసుకుని గేటు వైపు నడిచేది, అక్కడికి చేరగానే కాల్ పోయేది, లోపలికి వచ్చి "నీ వైఫై మళ్లీ చెడిపోయిందిరా" అనేది. ఇప్పుడు ఏడున్నరకు ముందే మా అమ్మాయి ఆ చెప్పులు తీసి మంచం కింద దాచేస్తోంది.